ఆ ఫిల్మ్ బాక్సుల్ని తూకానికి వేసేముందు ఒక్కసారి చూపించండి

తిరుపతి, చిత్తూరు సినిమా హాళ్ళ యజమానులకు, మూతపడ్డ హాళ్ళ వారసులకు, ఒకప్పుడు డిస్ట్రిబ్యూషన్ చేసి మానేసిన కుటుంబాలకు, పాత ఇనుప సామాన్ల అంగళ్ళు నడిపే అన్నలకు,

నమస్కారం.

ముందు అడగాల్సింది అడిగేస్తాను, కారణాలు తర్వాత చెప్తాను. మీ హాలు వెనకాలో, ప్రొజెక్టర్ కేబిన్ మెట్ల కిందో, డాబా మీద రేకుల షెడ్డులోనో, ఇంటి అటక మీదో పాత ఫిల్మ్ బాక్సులు ఉంటే వాటిని అమ్మేయకండి, తగలబెట్టకండి, మునిసిపాలిటీ చెత్తబండికి ఎత్తేయకండి. లోపల ఏముందో చూసి చెప్పగలిగినవాళ్ళకి ఒక్కసారి చూపించండి. నేను చందా అడగడం లేదు. కల్యాణమండపంగా మార్చిన హాలును మళ్ళీ సినిమా హాలు చేయమనీ అడగడం లేదు.

"మా దగ్గర ఏముంటాయి సామీ, నాలుగు ఫ్లాపు సినిమాల రీళ్ళు తప్ప" అని మీరు అంటారని తెలుసు. ఈ విషయం ఎత్తినప్పుడల్లా దాదాపు అందరూ ఇదే మాట అన్నారు. నేను మాట్లాడేది సరిగ్గా ఆ ఫ్లాపు సినిమాల గురించే. హిట్టయిన సినిమాకి ఏమీ కాదు, దాన్ని టీవీ వాళ్ళు కొనుక్కున్నారు, యూట్యూబ్‌లో ఎవరో పెట్టారు, హీరో పుట్టినరోజుకి మళ్ళీ హాల్లో వేస్తారు, దాని బాగోగులు చూడటానికి పదిమంది ఉన్నారు. మాయమైపోయేవి ఎవరూ అడగనివి. స్టార్లు లేకుండా, అప్పు చేసి, స్నేహితుల జేబులు ఖాళీ చేయించి, ఊళ్ళోవాళ్ళకే వేషాలిచ్చి తీసిన చిన్న సినిమాలు. ఆర్టు సినిమా అని ముద్ర వేసి మార్నింగ్ షోకి నెట్టేస్తే మూడోరోజుకి ఎత్తేసినవి. వాటి బాక్సు వెనక్కి తీసుకెళ్ళడానికి డిస్ట్రిబ్యూటర్ రిప్రజెంటేటివ్ కూడా రాకపోతే, అది మీ దగ్గరే ఉండిపోయిందేమో మీకు కూడా గుర్తుండదు.

టెహ్రాన్‌లోని ఒక పాత సామాన్ల అంగడి గురించి చెప్తాను. మొహమ్మద్ రెజా అస్లానీ అనే ఇరాన్ దర్శకుడు 1976లో ఒక సినిమా తీశాడు, బయటి దేశాల్లో దాన్ని 'చెస్ ఆఫ్ ది విండ్' అంటారు. పాతకాలపు పెద్ద లోగిలి, తల్లి పోయిన ఇల్లు, చక్రాల కుర్చీలో కూతురు, ఆస్తి మీద కన్నేసిన సవతి తండ్రి, అంతా గమనిస్తూ తిరిగే పనమ్మాయి. చాలా సీన్లు దీపాల వెలుగులో, కొవ్వొత్తుల వెలుగులో తీసినట్టే ఉంటాయి. టెహ్రాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో వేస్తే ప్రదర్శన సరిగ్గా సాగలేదు, విమర్శకులు తిట్టిపోశారు, కొనేవాళ్ళు వెనక్కి తగ్గారు. మూడేళ్ళకి విప్లవం వచ్చింది, కొత్త ప్రభుత్వం సినిమాని నిషేధించింది. ఇక అంతే. వీడియో టేపుల మీద గుర్తుపట్టలేనంత పాడైన కాపీలు కొన్ని చేతులు మారేవి, అసలు సినిమా మాత్రం పోయిందనే అందరూ అనుకున్నారు, తీసినాయనతో సహా.

2014లో ఆయన కొడుకు ఒక పాత సామాన్ల అంగట్లో ఫిల్మ్ డబ్బాలు చూశాడు. నాన్న సినిమా నెగటివ్‌లు అవే. వాటిని పారిస్‌కి చేర్చారు. హాలీవుడ్ దర్శకుడు మార్టిన్ స్కోర్సెసీ పెట్టిన ఫిల్మ్ ఫౌండేషన్ వాళ్ళు, ఇటలీలో పాత సినిమాలు దాచే బొలొన్యా ఆర్కైవ్ వాళ్ళు కలిసి బాగుచేయించారు. డెబ్బై దాటిన దర్శకుడు, అప్పటి కెమెరామన్ దగ్గరుండి రంగులు సరిచూసుకున్నారు. 2020లో సినిమా మళ్ళీ తెరకెక్కింది. నలభై నాలుగేళ్ళ కింద తిట్టించుకున్న సినిమాని ఇప్పుడు ఇరాన్ సినిమాల్లో గొప్పవాటి వరసలో పెడుతున్నారు.

ఈ కథ చెప్పినప్పుడు అందరూ స్కోర్సెసీ పేరు దగ్గర కళ్ళు పెద్దవి చేస్తారు. నాకు మాత్రం ఆ అంగడివాడి మీదే ధ్యాస పోతుంది. ఏం తెలిసి అట్టే పెట్టాడో, తెలియకే పెట్టాడో, రేకు ధరకి కరగడానికి పంపకుండా డబ్బాల్ని డబ్బాలుగా ఉంచాడు. మిగతావాళ్ళంతా వచ్చింది ఆ తర్వాతే.

మన ఊళ్ళలో అలాంటివి దొరికే అవకాశం ఎందుకుంటుందో మీకు నేను చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే, వ్యాపారం మీది. అయినా చదివే కుర్రాళ్ళ కోసం, హాళ్ళలో రీళ్ళు ఆడిన రోజుల సంగతి చెప్తాను. పెద్ద సినిమాకి ప్రింట్లు బోలెడు కొడతారు. చిన్న సినిమాకి రెండో మూడో, డబ్బులుంటే ఇంకొకటి. నెగటివ్ మద్రాసు ల్యాబులో ఉంటుంది. నిర్మాత ల్యాబు బాకీ కట్టలేకపోతే నెగటివ్ అక్కడే ఆగిపోతుంది, నిర్మాత ఆ బాధతోనో అప్పులతోనో సినిమాలు మానేస్తాడు, కొన్నేళ్ళకి ల్యాబే మూతపడుతుంది. అప్పుడు ఆ నెగటివ్‌ని అడిగే నాథుడు ఎవరు? ఇక మిగిలింది ఆడిన ప్రింటు. ఆ ప్రింటు మొదట పెద్ద ఊళ్ళలో ఆడి, తర్వాత బి సెంటర్లకి, అంటే నడిమిరకం టౌన్లకి వచ్చి, గీతలు పడి, ముక్కలు తెగి, చివరికి చిన్న ఊరి హాలైన సి సెంటర్‌కో టూరింగ్ టాకీస్‌కో చేరుతుంది. అక్కడినుంచి వెనక్కి పంపాలంటే లారీ ఖర్చు దండగ అనుకుంటే అక్కడే పడి ఉంటుంది. అంటే సినిమా ప్రయాణంలో ఆఖరి మజిలీ ఏ ఊరో, సినిమా మిగిలి ఉండే చోటు కూడా ఆ ఊరే.

ఇది ఊహ కాదు. కెనడా ఉత్తరాన డాసన్ సిటీ అని ఒక చిన్న ఊరుంది, బంగారం కోసం జనం ఎగబడిన ఊరు. సినిమాలు అన్నిచోట్లా ఆడాక ఆఖరున అక్కడికి చేరేవి, తిరుగు రవాణా ఖర్చు పెట్టుకోవడం ఇష్టంలేక కంపెనీలు వాటిని వెనక్కి అడిగేవి కావు. చోటు చాలక 1929లో వాటిని పాత ఈతకొలనులో వేసి మట్టి కప్పేశారు. 1978లో ఏదో కట్టడం కోసం తవ్వితే ఐదువందలకు పైగా రీళ్ళు బయటపడ్డాయి, ఇంకెక్కడా లేని మూకీ సినిమాలు వాటిలో ఉన్నాయి. మన భాషలో చెప్పాలంటే డాసన్ సిటీ పక్కా సి సెంటర్. చలి దేశం, గడ్డకట్టిన నేల కాబట్టి భూమిలోనే అన్నేళ్ళు ఆగాయి. మన దగ్గర పాతిపెడితే ఒక్క వానాకాలానికే ముద్దయిపోతాయి.

మన దేశం సినిమాకే ఇంకోటి జరిగింది. ప్రేమ్ కపూర్ తీసిన 'బద్నామ్ బస్తీ' 1971 నాటి హిందీ సినిమా, కమలేశ్వర్ నవల మీద తీసింది. ఇద్దరు మగవాళ్ళ మధ్య ప్రేమని చూపించిన తొలి భారతీయ సినిమాగా ఇప్పుడు దాన్ని చెప్తున్నారు. దశాబ్దాల తరబడి ప్రింటు లేదు, పోయిందనే రాసుకున్నారు. 2019లో బెర్లిన్‌లోని అర్సెనాల్ అనే ఆర్కైవ్‌లో 35 ఎంఎం ప్రింటు బయటపడింది. జర్మన్లు దాచారు గనక దొరికింది, దానికి సంతోషమే. కానీ బెర్లిన్‌లో దొరికినది బొంబాయిలోనో ఝాన్సీలోనో ఎందుకు దొరకలేదు అని ఒక్కోసారి ఒళ్ళు మండుతుంది.

మన జిల్లాకి ఇంకో విశేషం ఉంది. చిత్తూరు నుంచి గంటలో వేలూరు, కుప్పం దాటితే ఒకవైపు తమిళం ఇంకోవైపు కన్నడం, పలమనేరు నుంచి కోలారు ఎంత దూరం. మన హాళ్ళలో తెలుగు బొమ్మ ఎంత ఆడిందో సరిహద్దు ఊళ్ళలో తమిళ బొమ్మ అంత ఆడింది. 1970లలో కన్నడంలో, మలయాళంలో, తమిళంలో చిన్న డబ్బులతో కొత్తరకం సినిమాలు తీసే ఊపు వచ్చింది, తెలుగులో కాస్త ఆలస్యంగానూ కాస్త తక్కువగానూ వచ్చింది. కాబట్టి మీ షెడ్డులోని డబ్బా మీద అర్థంకాని లిపిలో ఏదో రాసుందని దాన్ని ముందుగా పారేయకండి. మీకు చదవడం రానిది బెంగుళూరులోనో తిరువనంతపురంలోనో ఎవరో ఇరవై ఏళ్ళుగా వెతుకుతున్నదై ఉండొచ్చు.

పోగొట్టుకున్నవాటి లెక్క తీస్తే మనకి నిద్రపట్టదు. దేశంలో తొలి టాకీ 'ఆలం ఆరా' 1931లో వచ్చింది, ఒక్క ప్రింటు లేదు. రఘుపతి వెంకయ్య, ప్రకాశ్ తండ్రీకొడుకులు 1921లో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ'తో తెలుగువాళ్ళ సినిమా మొదలైందని ప్రతి సభలోనూ చెప్పుకుంటాం, చూపించమంటే చూపించడానికి సినిమా లేదు. 1932 నాటి తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' గతీ అంతే. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964లో పెట్టారు, అప్పటికే తొలినాళ్ళ సినిమాలు చాలావరకు పోయాయి, దాచినవాటిలో కూడా తొందరగా అంటుకునే పాతకాలపు నైట్రేట్ ఫిల్ములు ఎన్నో 2003 జనవరి అగ్నిప్రమాదంలో బూడిదయ్యాయి. మన చిత్తూరు నాగయ్య పేరు మీద చిత్తూరులో కళాక్షేత్రం కట్టుకున్నాం, మంచిదే, ఆయన పేరు వింటే ఇప్పటికీ చేతులు జోడించేవాళ్ళున్నారు. బిల్డింగుకి పేరు పెట్టడంలో మనల్ని కొట్టేవాళ్ళు లేరు. రీలు దాచడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరి పని అది అంటాం.

పోయినది దొరికితే ఏమవుతుందో తిరుపతి వాళ్ళకి వేరే చెప్పాలా? తాళ్ళపాక అన్నమయ్య 1503లో పరమపదించాడు. ఆయన కీర్తనల రాగిరేకులు కొండమీద గుడిలో సంకీర్తన భాండాగారంలో ఉండిపోయాయి, లోకం వాటిని మర్చిపోయింది. 1920లలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారు వాటిని బయటికి తెప్పించి పరిష్కరించే పనికి పూనుకున్నారు, తర్వాత వేటూరి ప్రభాకరశాస్త్రి గారు, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు ఆ పని చేశారు. ఈరోజు ఆ పాటలు లేని తిరుపతిని ఊహించుకోండి చూద్దాం. అయితే అది రాగి. నాలుగు వందల ఏళ్ళు మర్చిపోయినా ఓపిగ్గా ఉంది. సినిమా ఫిల్మ్‌కి ఆ ఓపిక లేదు, మన ఎండలకి నలభై ఏళ్ళు ఆగడమే ఎక్కువ.

దాని సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే డబ్బా తెరవగానే కొట్టే వాసనకే చాలామంది "కుళ్ళిపోయింది, పారేయ్" అనేస్తారు. చిన్నప్పుడు ఒక హాలు కేబిన్‌లో ఆపరేటర్ అన్నకి చేతికింద ఉన్నాను, ప్రొజెక్టర్ వెలుగుకి వాడే కార్బన్ కడ్డీలు మార్చడం, రీలు చుట్టడం, తెగితే అతికించడం అక్కడే నేర్చుకున్నా. ఈమధ్య చిత్తూరు వైపు మూతపడ్డ ఒక హాల్లో, యజమాని మనవడు మంచివాడు కాబట్టి, బాక్సులు చూడనిచ్చాడు. తెర వెనక గబ్బిలాల రెట్ట మధ్యలో రెండు ఇనప బాక్సులు. మొదటి డబ్బా మూత తుప్పుకి పట్టేసుకుంటే స్క్రూడ్రైవర్‌తో చుట్టూ మెల్లగా లేపాల్సి వచ్చింది. మూత వచ్చీరాగానే వెనిగర్ వాసన ముక్కు పగిలిపోయేలా కొట్టింది. పైచుట్టు అంచులు అప్పడంలా వంకర తిరిగి ఉన్నాయి, లోపలి చుట్లు మాత్రం బాగానే ఉన్నాయి. ఒక అడుగు ముక్క అంచుల దగ్గరే పట్టుకుని మొబైల్ లైటుకి ఎదురుగా పెట్టాం. ఎరుపు తప్ప వేరే రంగు లేదు, చెట్టు ఎరుపు, చీర ఎరుపు, ఆకాశం ఎరుపు. మూత మీద ఒక సినిమా పేరు, ఐదో రీలు అని పెయింటుతో రాసుంది, లోపల ఉన్నది ఆ సినిమా కానే కాదు, కుటుంబ నియంత్రణ మీద ప్రభుత్వం వాళ్ళు తీసిన డాక్యుమెంటరీ. ఆపరేటర్లు హడావిడిలో ఏ రీలు ఏ డబ్బాలో పెట్టేవాళ్ళో నాకు బాగా తెలుసు, ఆ పాపంలో నాకూ వాటా ఉంది. అందుకే మూత మీది పేరు చూసి ఏదీ తేల్చొద్దు.

ఆ వాసన ఎందుకంటే, 1950ల తర్వాత వచ్చిన ఫిల్మ్ ఎక్కువగా ఎసిటేట్. వేడీ తేమా తగిలితే అందులోంచి ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండేదే, బయటికి వస్తుంది. మూత బిగించి ఉంటే ఆ ఆవిరి లోపలే తిరిగి పని ఇంకా తొందరగా చేస్తుంది, పక్క డబ్బాకి కూడా అంటుకుంటుంది. ఫిల్మ్ కుంచించుకుపోతుంది, వంకర తిరుగుతుంది, చివరికి పెళుసై విరిగిపోతుంది. వాసన వస్తోందంటే జబ్బు మొదలైందని అర్థం, చచ్చిపోయిందని కాదు. ఎరుపు సంగతీ అంతే. పాత కలర్ ప్రింట్లలో నీలం వైపు రంగు ముందు వెలిసిపోయి ఎరుపు మిగులుతుంది, దాన్ని కంప్యూటర్‌లో చాలావరకు వెనక్కి తేవచ్చు. నలుపు తెలుపు అయితే ఇంకా నయం, అందులో బొమ్మని పట్టుకున్నది వెండి. ఆ వెండి కోసమే కదా ఒకప్పుడు టన్నుల లెక్కన రీళ్ళు కరిగించారు.

కాబట్టి బాక్సు దొరికితే దయచేసి ప్రొజెక్టర్‌కి ఎక్కించొద్దు. కుంచించుకుపోయిన ఫిల్మ్ పళ్ళ చక్రాల మీద సరిగ్గా కూర్చోదు, రంధ్రాలు చిరిగి పోగులు పోగులవుతుంది, ఆఖరి ప్రింటుని మనమే చంపినవాళ్ళమవుతాం. మళ్ళీ చుట్టే పని కూడా పెట్టుకోవద్దు. ఎండలో ఆరబెట్టొద్దు, తడిగుడ్డతో తుడవొద్దు. ప్లాస్టిక్ కవర్లో గట్టిగా మూటగట్టొద్దు, పోయే ఆవిరిని పోనివ్వాలి. వాసన కొట్టే డబ్బాలు ఒకచోట, కొట్టనివి ఇంకోచోట, నేల మీద కాకుండా చెక్క మీద, ఇంట్లో అన్నిటికన్నా చల్లగా పొడిగా ఉండే గదిలో పెట్టండి. మొదటి రీలు దొరికితే మాత్రం పండగే, ఎందుకంటే దాని మొదట్లోనే సెన్సార్ సర్టిఫికెట్ ఉంటుంది, సినిమా పేరు, పొడవు, ఎన్ని రీళ్ళో అన్నీ దాని మీద రాసుంటాయి. లేకపోయినా ఫిల్మ్ అంచు చూడండి, కొడక్ అనో ఆర్వో అనో, మన ఊటీ ఫ్యాక్టరీది అయితే ఇందు అనో ఉంటుంది. అంచు మీది చుక్కలు, చదరాలు, త్రికోణాలు ఫొటో తీసి పంపితే అది ఏ ఏడాది ఫిల్మో చెప్పగలిగినవాళ్ళున్నారు. ఒక్కటే జాగ్రత్త: 1950కి ముందుదేమో అన్న అనుమానం వస్తే, ఫిల్మ్ జిగురుజిగురుగానో గోధుమరంగు పొడిగానో కనిపిస్తే, అది నైట్రేట్ కావచ్చు, పెట్రోలులాగే అంటుకుంటుంది, నీళ్ళు పోసినా ఆరదు. దాని దగ్గర బీడీ కాల్చొద్దు, ఇంట్లో ఉంచొద్దు, అలాగని తగలబెట్టనూ వద్దు, వెంటనే ఆర్కైవ్ వాళ్ళకి చెప్పండి.

చెప్పాక ఏం జరుగుతుంది? పుణెలో జాతీయ ఆర్కైవ్ ఉంది, ఇప్పుడది కేంద్ర ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్ఎఫ్‌డీసీ కింద ఉంది. ముంబైలో శివేంద్ర సింగ్ డుంగార్‌పూర్ 2014లో మొదలుపెట్టిన ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ ఉంది. వీళ్ళు పట్టించుకున్న సినిమాల్లో బాక్సాఫీసు మొహం చూడనివీ ఉన్నాయి. మలయాళ దర్శకుడు అరవిందన్ 'తంపు' 1978 నాటిది, కెమెరా నెగటివ్ మిగల్లేదు, ఆర్కైవ్‌లో ఉన్న ప్రింటు నుంచి తీసిన డూప్ నెగటివ్, అంటే కాపీ నెగటివ్, పట్టుకునే బాగుచేసి 2022లో ఫ్రాన్సులో జరిగే సినిమా పండగ కాన్స్‌లో వేశారు. అంటే వాడిన ప్రింటు ఒక్కటి సరిగ్గా మిగిలినా సినిమా బతికినట్టే. మణిపురి సినిమా 'ఇషానౌ' 2023లో, శ్యామ్ బెనెగల్ 'మంథన్' 2024లో అక్కడే వేశారు. 'మంథన్' సంగతి తెలిసే ఉంటుంది, గుజరాత్‌లో ఐదు లక్షలమంది పాలరైతులు తలా రెండు రూపాయలు వేసుకుంటే 1976లో తయారైన సినిమా అది. పాడి ఆవుల మీద బతికే చిత్తూరు జిల్లాకి ఆ సినిమా సంగతి మనవాళ్ళది కాదని ఎలా అనిపిస్తుంది?

బాగుచేయడం అంటే బూజు దులిపి కాపీ కొట్టడం అనుకోకండి. ముందు మనుషులు కూర్చుని చేత్తో రీలంతా తడుముతూ చిరిగిన రంధ్రాలు, తెగిన అతుకులు బాగుచేస్తారు. తర్వాత కడిగి, ఒక్కో ఫ్రేమూ స్కాన్ చేస్తారు. సెకనుకి 24 ఫ్రేములు, రెండు గంటల సినిమా అంటే 1,72,800 ఫ్రేములు. ఆ ఒక్కో దాని మీద గీత, మరక, వణుకు చూసుకోవాలి. శబ్దం వేరే. ఒక ప్రింటులో రెండో రీలు బాగుండి ఏడో రీలు పోయి ఉంటుంది, ఇంకో దేశంలోని ప్రింటులో ఏడోది బాగుంటుంది, రెండింటినీ కలిపి ఒకటి చేస్తారు. అందుకే మీ దగ్గర పూర్తి సినిమా లేకపోయినా, ఒకే ఒక్క రీలు ఉన్నా చెప్పండి. జర్మన్ల 'మెట్రోపొలిస్' 1927 సినిమాలో దశాబ్దాలుగా దొరకని సీన్లు 2008లో అర్జెంటీనాలో ఒక అరిగిపోయిన 16 ఎంఎం కాపీలో దొరికాయి. మన కాలేజీల ఫిజిక్సు ల్యాబుల బీరువాల్లో, ప్రచార శాఖ వ్యాన్లు తిరిగిన రోజుల నాటి ఆఫీసు స్టోర్ రూముల్లో 16 ఎంఎం డబ్బాలు ఉంటాయి. ఆ తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయో వాళ్ళూ ఇది తమకే రాసినట్టు చదువుకోండి.

మధ్యలో ఒక మాట. ఇప్పుడు ఫోర్ కే అని పోస్టర్ మీద వేసి పాత హిట్లని మళ్ళీ వదులుతున్నారు, హాల్లో కాగితాలు చింపి చల్లుతున్నారు, మీకు రెండ్రోజులు కలెక్షన్ వస్తోంది, నాకేమీ కుళ్ళు లేదు, నేనూ వెళ్ళి ఈలలు వేశాను. కానీ వాటిలో చాలావరకు ఉన్న డిజిటల్ కాపీని సాగదీసి మెరుగు పెట్టినవే. మొహాలు మైనం బొమ్మల్లా నున్నగా అయిపోతాయి, ఫిల్మ్‌కి ఉండే సన్నటి ఇసుకలాంటి రేణువు పోతుంది. అది చూసి పునరుద్ధరణ అంటే ఇదేననుకునే కుర్రాళ్ళని చూస్తే బాధేస్తుంది. ఒక్కసారి అసలు సిసలుగా బాగుచేసిన నలుపు తెలుపు సినిమా పెద్ద తెర మీద చూస్తే తేడా ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక మీ భయం. "రీలు మా దగ్గరుందని తెలిస్తే నిర్మాత తరఫువాళ్ళు కేసు వేస్తే?" అని ఒక పెద్దాయన నిజంగానే టెన్షన్ పడుతూ అడిగారు. డబ్బా దగ్గరుండటం వేరు, సినిమా హక్కులు వేరు. మీరు దాన్ని టికెట్టు పెట్టి ఆడించి, కాపీలు తీసి అమ్ముకుంటే తప్పు. ఆడాల్సినన్నాళ్ళు ఆడి, ఎవరూ వెనక్కి అడగని ప్రింటుని పాడవకుండా ఆర్కైవ్‌కి అప్పగిస్తే మీమీద కోర్టుకెక్కే నిర్మాత ఎవరో నాకైతే తోచడం లేదు, నిజానికి దండ వేయాలి. పైగా మన చట్టం ప్రకారం సినిమా మీద కాపీరైటు విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ళు, కాబట్టి 1965 దాకా వచ్చినవాటికి ఆ గడువే తీరిపోయింది. అయినా ఇచ్చేటప్పుడు కాగితం రాయించుకోండి, ఎన్ని రీళ్ళు, ఏ స్థితిలో, ఎవరి తరఫున ఇచ్చారో. వ్యాపారస్తులకి రసీదు గురించి నేను చెప్పేదేముంది. సినిమా మళ్ళీ తెర మీదికొస్తే ప్రింటు ఎవరు దాచారో మీ హాలు పేరుతో సహా వేయమని అడగండి, అందులో మొహమాటం వద్దు.

ఇనుప సామాన్ల అన్నలకి విడిగా ఒక విన్నపం. మీతో నాకు పేచీ లేదు. మన దగ్గరే ఒక హాలు కూల్చేటప్పుడు బాక్సులు ఇనుము కింద తూకం వేసి, రీళ్ళన్నీ గోడ వెనక కుప్ప పోసి నిప్పు పెట్టారు, నాకు కబురు తెలిసేసరికి ముద్దగా కరిగిన నల్లటి గడ్డలు మిగిలాయి. అవి ఏం సినిమాలో ఇక ఎప్పటికీ తెలియదు. పెట్టింది మీరు కాదు, అమ్మినవాళ్ళే "లోపలి చెత్త మాకొద్దు, మీకూ వద్దు" అని అంటించారు. కానీ ఈ జిల్లాలో ఏ హాలు ఎప్పుడు కూలుతుందో అందరికన్నా ముందు తెలిసేది మీకే. బండి పంపేముందు ఎవరికైనా ఒక ఫోన్ కొట్టండి, మీకు తెలిసిన కాలేజీ లెక్చరర్‌కో, సినిమా పిచ్చి ఉన్న ఏ కుర్రాడికో. ఇనుము మీరే తీసుకోండి. ఖాళీ డబ్బా తూకానికి మీకు రావాల్సింది ఒక్క పైసా తగ్గదు, రీలు బరువు కూడా కలిపి ఇమ్మంటే ఆ డబ్బు ఇవ్వడానికి మేం నలుగురం చేతులు కలుపుతాం.

యూనివర్సిటీ పెద్దలకు కూడా ఒకటి అడగాలి. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాచ్య పరిశోధన సంస్థలో తాటాకు ప్రతులు దాచడం తెలిసిన సంస్కృతి ఈ ఊరిది. పుణెకో ముంబైకో పంపేలోపు వచ్చిన డబ్బాలు నాలుగు నెలలు ఉంచడానికి, ఏసీ ఆగకుండా నడిచే ఒక్క గది చాలు. స్టూడియో అక్కర్లేదు, కమిటీ వేయక్కర్లేదు, శిలాఫలకం అసలే అక్కర్లేదు.

వేసవి వచ్చేస్తోంది. మన దగ్గర ఏప్రిల్ చివరికే 40 డిగ్రీలు దాటుతుంది, రేకుల షెడ్డు లోపల ఇంకెంత ఉంటుందో మీకే తెలుసు. మీ బాక్సులు డాబా మీదే ఉంటే, ఎవరికి చూపించాలి, ఎప్పుడు చూపించాలి అన్న ఆలోచన తర్వాత, ముందు ఈ ఆదివారం ఇద్దరు పిల్లకాయల్ని పిలిచి వాటిని కిందికి దించి, ఎండ పడని గదిలో చెక్క పలక మీద పెట్టించండి. మూతల మీద ఏం రాసుందో ఫోన్‌లో ఫొటో తీసి ఉంచండి.

ఇట్లు,
తిరుపతి నుంచి ఒక పాత కేబిన్ కుర్రాడు